పాత డెస్క్‌టాప్‌ని వాయిద్యాల సర్వర్‌గా మార్చడం: లాన్ కేబుల్ నుంచి కాంటాక్ట్ దాకా

పాట చేయడానికి 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వయొలిన్ సెక్షన్, చెల్లో, పియానో, నాదస్వరం, డోలు లోడ్ చేసేసరికే ర్యామ్ నిండిపోతుంది. ర్యామ్ బోర్డుకే అతికించిన మోడల్ అయితే పెంచుకునే దారి కూడా లేదు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి గుడ్డ కప్పుకుని మూల పడి ఉంటే ఆ వాయిద్యాల బరువు దాని మీద వేయొచ్చు. నోట్స్ మీ ల్యాప్‌టాప్ నుంచి వెళ్తాయి, శాంపిల్స్ (నిజం వాయిద్యాల రికార్డింగులు) ఆ డెస్క్‌టాప్‌లో కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా మోగుతాయి, తయారైన ధ్వని లాన్ కేబుల్ మీద తిరిగి మీ మిక్సర్‌లోకి వస్తుంది. వాయించడం, మిక్స్ చేయడం అంతా ఒక్క తెర ముందే జరుగుతుంది.

ముందు, అవసరమేనా?

మెయిన్ సిస్టమ్‌లో, అంటే మీరు కూర్చుని పాట చేసే కంప్యూటర్‌లో, ఖాళీ ర్యామ్ స్లాట్ ఉంటే ముందు అది నింపండి. రెండు మెషీన్లను సాకడం కన్నా అదే చవక. ర్యామ్ చాలినంత ఉండి సీపీయూ మీటర్ మాత్రమే ఎరుపెక్కుతుంటే, ట్రాకులు ఫ్రీజ్ చేస్తే (తాత్కాలికంగా ఆడియోగా మార్చి ఉంచితే) చాలాసార్లు గట్టెక్కుతారు.

ర్యామ్ పెంచలేనప్పుడు రెండో సిస్టమ్ పనికొస్తుంది. ఒకే పెద్ద టెంప్లేట్ (ముందే సిద్ధం చేసుకున్న వాయిద్యాల అమరిక) మీద పాట తర్వాత పాట చేసేటప్పుడు ఇంకా బాగా పనికొస్తుంది. విశాఖలో ఇంటి స్టూడియోలకి డిసెంబర్ ముందు క్రిస్మస్ పాటల పనులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఉత్తరాంధ్ర జానపదం ప్రైవేట్ సాంగ్స్ అయితే ఏడాది పొడుగునా ఉంటాయి. ప్రాజెక్ట్ మార్చిన ప్రతిసారీ నలభై వాయిద్యాలు మళ్లీ లోడ్ అవుతుంటే చూస్తూ కూర్చోవాలి. సర్వర్‌లో అవి పొద్దున ఒకసారి లోడయితే రాత్రి దాకా అలాగే ఉంటాయి, ప్రాజెక్ట్ తెరవడం సెకన్ల పని అవుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. శాంపిల్ లైబ్రరీని రెండో సిస్టమ్‌లో పెట్టి, ఆ ఫోల్డర్ షేర్ చేసి, మెయిన్ సిస్టమ్‌లోని కాంటాక్ట్‌తో తెరుస్తారు. అందులో పంచుకున్నది డిస్క్ మాత్రమే. ఖర్చయ్యేది మెయిన్ సిస్టమ్ ర్యామే, మెయిన్ సిస్టమ్ సీపీయూనే, పైగా శాంపిల్స్ నెట్‌వర్క్ మీద ఈడ్చుకుంటూ రావాలి. కాంటాక్ట్ రెండో సిస్టమ్‌లోనే నడవాలి. తీగ మీద రావాల్సింది మోగిన ధ్వని.

ఏ మెషీన్ చాలు

గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్, స్పీకర్లు కలిపే పెట్టె) అక్కర్లేదు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) లాన్ పోర్ట్, ఈ మూడూ చూసుకోండి. నాలుగో తరం ఐ5 కూడా శాంపిల్ వాయిద్యాలకు బాగానే నడుస్తుంది. కానీ బోర్డ్ చూడాలి: హెచ్81 బోర్డులు 16 జీబీ దగ్గరే ఆగిపోతాయి, నాలుగు స్లాట్లున్న బీ85 అయితే 32 దాకా వెళ్తుంది. రికార్డింగులు కాక లెక్కలతో ధ్వని పుట్టించే సింథ్‌లు, ఫిజికల్ మోడలింగ్ వాయిద్యాలు మాత్రం పాత ప్రాసెసర్ మీద వేయకండి, వాటికి కావాల్సింది ర్యామ్ కాదు, సీపీయూ.

ఆ తరం మెషీన్లకు మైక్రోసాఫ్ట్ విండోస్ 11 ఇవ్వదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. సర్వర్‌కి ఇంటర్నెట్ ఇవ్వకుండా, మెయిన్ సిస్టమ్‌తో మాత్రమే మాట్లాడేలా ఉంచితే ఇది పెద్ద ఇబ్బంది కాదు. లైసెన్స్ సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. ఐలాక్ (సంగీత సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌లు చూసే వ్యవస్థ) క్లౌడ్ మీద తీసుకున్న లైసెన్స్‌కి ఇంటర్నెట్ ఎప్పుడూ ఉండాలి. ఆ మెషీన్‌కే యాక్టివేట్ చేసుకోవడమో, యూఎస్‌బీ ఐలాక్ వాడటమో మేలు. లైబ్రరీ ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకోవచ్చో కూడా కొనకముందే చదవండి.

తీగ దగ్గరే సగం పని

48 కిలోహెర్ట్జ్, 32 బిట్ మీద ఒక చానెల్‌కి సెకనుకు 1.536 మెగాబిట్లు పడుతుంది. స్టీరియో జత 3.07. గిగాబిట్ తీగ మీద నిజంగా దొరికేది 940 మెగాబిట్ల దరిదాపు కాబట్టి వంద స్టీరియో జతలు పంపినా మూడో వంతు కూడా నిండదు. అదే లింక్ 100 మెగాబిట్లకి పడిపోతే లెక్క ప్రకారమే ముప్ఫై రెండు జతలు, ఆచరణలో అందులో సగానికే చిటపటలు మొదలవుతాయి. లింక్ పడిపోయినట్టు ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను చెప్పదు. మనుషులు బఫర్ (ధ్వనిని ముందుగా కొంత పోగేసుకునే నిల్వ) పెంచుతారు, ప్లగిన్ (పాట సాఫ్ట్‌వేర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, విండోస్ కూడా మళ్లీ వేస్తారు. తీగ వైపు మాత్రం చూడరు.

ఎందుకు పడిపోతుందంటే, లాన్ కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. 100 మెగాబిట్లకి ఆరెంజ్, గ్రీన్ జతలు రెండే చాలు. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. బ్లూ జతలోనో బ్రౌన్ జతలోనో ఒక్క తీగ క్రింపింగ్‌లో (కేబుల్ చివర హెడ్ బిగించేటప్పుడు) సరిగ్గా దిగకపోయినా కనెక్షన్ పోదు, చప్పుడు లేకుండా పదో వంతుకి దిగిపోతుంది. విశాఖలో బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. కనెక్టర్ పిన్నుల మీద బంగారు పూత పలచగా ఉంటే కొన్నాళ్లకే చిలుము పడుతుంది. తీసి వెలుతురులో చూస్తే పిన్ను చివర ఆకుపచ్చగా కనిపిస్తుంది. దాన్ని గీకి మళ్లీ వాడొద్దు, ఆ హెడ్ కోసేసి కొత్తది వేయండి.

ఒకే గదిలో అయితే ఫ్యాక్టరీలో మౌల్డ్ చేసిన 2 లేదా 3 మీటర్ల క్యాట్ 6 ప్యాచ్ కార్డ్ కొనేయడమే మంచిది. పక్క గదిలోకి పదిహేను మీటర్లు లాగాలంటే డాబాగార్డెన్స్ షాపుల్లో చుట్ట మీంచి కోసి ఇస్తారు. అక్కడ జాగ్రత్త: క్యాట్ 6 అని పైన ముద్ర ఉన్నా లోపల అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ ఉండొచ్చు. ఒక తీగ తొక్క తీసి బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా వెండిలా మెరిస్తే అల్యూమినియం, అది వదిలేయండి. క్రింపింగ్ రెండు చివర్లా ఒకే వరసలో ఉండాలి: తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల గ్రీన్, బ్లూ, తెల్ల బ్లూ, గ్రీన్, తెల్ల బ్రౌన్, బ్రౌన్. రెండు కంప్యూటర్లను నేరుగా కలిపినా క్రాస్ఓవర్ కేబుల్ అక్కర్లేదు, గిగాబిట్ పోర్టులు తమంతట తామే సర్దుకుంటాయి.

షీల్డ్ ఉన్న కేబుల్, మెటల్ హెడ్డు తీసుకోమని షాపులో అంటారు. స్టూడియోకి అది వద్దు. మామూలు కేబుల్‌లో రెండు మెషీన్ల మధ్య కరెంటు దారి ఉండదు, పోర్ట్‌లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ విడదీస్తుంది. షీల్డ్ వేస్తే రెండు క్యాబినెట్ల ఎర్త్‌లు కలిసిపోయి, వేర్వేరు గదుల ప్లగ్గులైతే స్పీకర్లలో హమ్ మొదలవుతుంది.

ల్యాప్‌టాప్‌కి లాన్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ కొంటారు. తక్కువ ధరవి చాలావరకు 100 మెగాబిట్లవే. అట్ట పెట్టె మీద 10/100/1000 అని, యూఎస్‌బీ 3.0 అని రెండూ ఉండాలి.

ఫైబర్ కంపెనీ ఇచ్చిన రౌటర్‌లో రెండు కంప్యూటర్లూ గుచ్చేసే ముందు ఆ డబ్బా వెనక చూడండి. కొన్నింటిలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగిలినవి 100. నేరుగా ఒక తీగ, లేదా ఐదు పోర్టుల మామూలు గిగాబిట్ స్విచ్, ఇదే సరైన దారి. వైఫై ఊసే ఎత్తొద్దు. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిల్స్ బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు (ఇక్కడ శాంపిల్ అంటే ధ్వనిలో ఒక్క కొలత). పక్కింటి రౌటర్ అడ్డొచ్చి ఒక్క ప్యాకెట్ మళ్లీ పంపాల్సి వస్తే ఆ గడువు దాటిపోతుంది, టిక్కుమంటుంది.

తీగ వేశాక విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ తెరిచి లింక్ స్పీడ్ చదవండి. 1000/1000 అని ఉండాలి. అది చూడకుండా తర్వాతి మెట్టు ఎక్కకండి.

అడ్రస్‌లు, ఫైర్‌వాల్

రెండు వైపులా ఐపీ అడ్రస్ చేత్తోనే ఇవ్వండి. మెయిన్ సిస్టమ్‌కి 192.168.10.1, సర్వర్‌కి 192.168.10.2, సబ్‌నెట్ మాస్క్ రెండింటికీ 255.255.255.0. మెయిన్ సిస్టమ్ వైఫై మీద ఇంటర్నెట్ వాడుతుంటే, ఇంటి రౌటర్ కూడా 192.168.10 వరస వాడటం లేదని చూసుకోండి. వాడుతుంటే మీ వరసను 192.168.50కి మార్చండి. గేట్‌వే గడి ఖాళీగా వదిలేయాలి. అందులో ఏదైనా రాస్తే కంప్యూటర్ ఇంటర్నెట్ కోసం ఈ తీగ వైపు చూసి తడబడుతుంది.

గేట్‌వే లేకపోవడం వల్ల విండోస్ దీన్ని గుర్తు తెలియని నెట్‌వర్క్‌గా, అంటే పబ్లిక్‌గా లెక్కేస్తుంది. ఫైర్‌వాల్ పబ్లిక్ నెట్‌వర్క్‌లో సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని ఆపేస్తుంది. పింగ్ (అవతలి కంప్యూటర్ జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష) వెళ్తుందా అంటే అదీ వెళ్లదు. అందుకని ఫైర్‌వాల్ అనుమతుల జాబితాలో మీ సర్వర్ ప్రోగ్రామ్ పక్కన ప్రైవేట్, పబ్లిక్ గడులు రెండూ టిక్ చేయండి. మెయిన్ సిస్టమ్‌లో ప్లగిన్‌ని నడిపే పాట సాఫ్ట్‌వేర్‌కి, క్యూబేస్‌కో రీపర్‌కో కూడా అంతే. "సర్వర్ కనబడట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడే తీరిపోతాయి.

నెట్‌వర్క్ కార్డ్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్, గ్రీన్ ఈథర్‌నెట్ అనే పవర్ సేవింగ్ సెట్టింగ్స్ ఆపండి. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్, స్లీప్ నెవర్. శాంపిల్స్ ఉన్న ఫోల్డర్‌ని యాంటీవైరస్ సోదా నుంచి మినహాయించండి, లోడింగ్ తేడా మీకే తెలుస్తుంది.

సర్వర్‌కి మానిటర్ పెట్టకుండా రిమోట్ డెస్క్‌టాప్‌తో చూడాలంటే, దానిలో విండోస్ ప్రో ఉండాలి. హోమ్ ఎడిషన్ అవతలి వాళ్లను లోపలికి రానివ్వదు. హోమే ఉంటే వీఎన్‌సీ రకం సాఫ్ట్‌వేర్ వాడి, హెచ్‌డీఎంఐ పోర్టులో డమ్మీ ప్లగ్ ఒకటి గుచ్చండి. లేకపోతే కొన్ని మెషీన్లు మానిటర్ లేదని తెర పరిమాణాన్ని చిన్నది చేసేసి ప్లగిన్ విండోలు సగం కోసేస్తాయి.

సాఫ్ట్‌వేర్: డబ్బు పెట్టేది, పెట్టనిది

వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో ఈ పనికే పుట్టింది. సర్వర్ నడిచే మెషీన్‌కి లైసెన్స్ కావాలి. రెండో సిస్టమ్‌లో సర్వర్ తెరిచి ఒక ఇన్‌స్టన్స్ (వాయిద్యాల గుంపు ఒకటి) చేర్చండి, దానికి స్ట్రింగ్స్ అని పేరు పెట్టండి. లోపల కాంటాక్ట్ వేసి, ఏ మిడి (నోట్స్‌ని మోసుకెళ్లే సంకేతాలు) పోర్ట్, ఏ చానెల్ వినాలో చెప్పండి. ఒక పోర్ట్‌కి 16 చానెళ్లు. మెయిన్ సిస్టమ్‌లో దాని ప్లగిన్‌ని వాయిద్యంగా వేసి కనెక్ట్ నొక్కితే జాబితాలో స్ట్రింగ్స్ కనిపిస్తుంది. కనిపించకపోతే 192.168.10.2 అని చేత్తో కొట్టండి.

ఇందులో రెండు బటన్లు అర్థం చేసుకుంటేనే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. ప్రిజర్వ్ నొక్కితే, మీరు ప్రాజెక్ట్ మూసినా సర్వర్‌లో వాయిద్యాలు దిగిపోవు. డీకపుల్ నొక్కితే, సర్వర్‌లోని సెట్టింగ్స్ అన్నీ మీ ప్రాజెక్ట్ ఫైల్‌లోకి రావు. అందువల్ల ప్రతి సేవ్‌కీ పది సెకన్లు బిగుసుకుపోవడం ఉండదు. దానికి తగ్గ ఖరీదు: డీకపుల్ చేశాక సర్వర్ ప్రాజెక్ట్‌ని విడిగా సేవ్ చేసుకోవాల్సింది మీరే. చేయకపోతే కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్‌లో నోట్స్ ఉంటాయి, వాటిని పలికే వాయిద్యాల అమరిక ఉండదు. టెంప్లేట్‌కి తేదీతో పేరు పెట్టి, రెండు సిస్టమ్‌లలోనూ ఒక కాపీ ఉంచండి.

ఆడియోగ్రిడర్ ఉచితం, ఓపెన్ సోర్స్. రెండో సిస్టమ్‌లో సర్వర్ ఇన్‌స్టాల్ చేస్తే మొదటిసారి అక్కడున్న ప్లగిన్లన్నీ స్కాన్ చేస్తుంది. పాత, పాడైన ప్లగిన్ దగ్గర స్కాన్ ఆగిపోతే దాన్ని జాబితాలోంచి తీసేసి మళ్లీ మొదలెట్టండి. మెయిన్ సిస్టమ్‌లో ఆడియోగ్రిడర్ ఇన్‌స్ట్రుమెంట్ ప్లగిన్ వేసి సర్వర్ ఎంచుకుని, దాని లోపల కాంటాక్ట్ వేస్తే, కాంటాక్ట్ విండో మీ తెర మీదికే వచ్చేస్తుంది. సర్వర్, ప్లగిన్ రెండూ ఒకే వెర్షన్‌వి ఉండాలి. నాలుగైదు వాయిద్యాలు అవతలికి తోయడానికి ఇది బాగా సరిపోతుంది. నలభై వాయిద్యాల టెంప్లేట్ రోజంతా నిలబెట్టాలంటే వియన్నాకే మా ఓటు.

సర్వర్‌లోని ప్రతి వాయిద్యాన్నీ విడి చానెల్‌గా తెచ్చుకోవాలన్న ఆశ వద్దు. పన్నెండు రకాల వయొలిన్ ఆర్టిక్యులేషన్లు (వాయించే తీరులు) అక్కడే కలిపి ఒక్క స్టీరియో జతగా తీసుకురండి. రివర్బ్ (గదిలో మోగినట్టు కలిపే ప్రతిధ్వని) మాత్రం మెయిన్ సిస్టమ్‌లోనే ఉంచండి, మిక్స్‌లో మాటిమాటికీ చేయి పెట్టేది దాని మీదే.

గమకం ఎక్కడ వాయించాలి

నెట్‌వర్క్ సర్వర్ ఆలస్యాన్ని ప్లగిన్‌లో బఫర్ల సంఖ్యతో లెక్కేస్తారు. మీ ఇంటర్‌ఫేస్ బఫర్ 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్స్ అయితే 2.7 మిల్లీసెకన్లు. ప్లగిన్‌లో 2 బఫర్లు పెడితే ఇంకో 5.3 కలుస్తుంది, అది చేతికి తెలీదు. అదే 512 దగ్గర వాయిస్తే 10.7కి 21.3 కలిసి 32 మిల్లీసెకన్లు. ప్యాడ్స్‌కి ఫర్వాలేదు కానీ తబలా, తప్పెట వాయించేవారి వేలు అప్పటికే తర్వాతి దెబ్బకి వెళ్లిపోయి ఉంటుంది. ప్లేబ్యాక్‌లో ఈ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది, లైవ్‌లో సర్దలేదు.

కాబట్టి ఇప్పుడు వాయించబోయే వాయిద్యం మెయిన్ సిస్టమ్‌లో ఉండాలి. వీణ, నాదస్వరం లాంటివి పిచ్ వీల్‌తో (కీబోర్డు మీద స్వరాన్ని పైకీ కిందికీ వంచే చక్రంతో) గమకం పలికించేటప్పుడు చెవి చెప్పిందే చేయి చేస్తుంది, ధ్వని ఆలస్యమైతే వీల్‌ని అవసరానికి మించి తోసేస్తారు, స్వరం గమ్యం దాటిపోతుంది. వాయించి, దిద్దుకుని, ఇక ముట్టుకోననుకున్నాక ఆ ట్రాక్‌ని సర్వర్ మీదున్న అదే వాయిద్యానికి మళ్లించండి. ఆ మళ్లింపులో చూసుకోవాల్సింది పిచ్ బెండ్ రేంజ్. మిడి పంపేది 16,384 మెట్లలో ఒక స్థానాన్ని మాత్రమే, అది ఎన్ని స్వరస్థానాలన్నది వాయిద్యం చెబుతుంది. ఇక్కడ 12 సెమీటోన్లు పెట్టి వాయించి, అక్కడ మామూలు 2 ఉంటే గమకం కాస్తా సన్నటి వణుకుగా మిగులుతుంది.

కాంటాక్ట్ ర్యామ్ తగ్గించడం

కాంటాక్ట్ ఆప్షన్స్‌లో మెమరీ పేజీ తెరిచి, వాయిద్యం చెప్పిన ప్రీలోడ్ సైజ్‌ని (ప్రతి శాంపిల్‌లో ముందే ర్యామ్‌లో పెట్టుకునే మొదటి ముక్క) పక్కనపెట్టే గడి టిక్ చేయండి. మామూలుగా ఉండేది 60 కేబీ. సాటా ఎస్‌ఎస్‌డీ అయితే 18 కేబీ దాకా, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే 12 లేదా 6 దాకా దింపొచ్చు, ర్యామ్ వాడకం అక్కడే బాగా దిగుతుంది. హార్డ్ డిస్క్ మీద దింపితే నోట్స్ మింగేస్తుంది, జోలికి పోవద్దు. పాట పూర్తయ్యాక వాడని శాంపిల్స్‌ని పర్జ్ చేయొచ్చు, అంటే ర్యామ్ లోంచి తీసేయొచ్చు.

టిక్ టిక్‌మంటే ఈ వరసలో చూడండి

1. లింక్ స్పీడ్ 1000 ఉందా. ఉప్పుగాలి ఊళ్లో ఇది నిన్న బాగుంది కాబట్టి ఇవాళ కూడా బాగుంటుందని అనుకోవద్దు.
2. మెయిన్ సిస్టమ్ నుంచి సర్వర్‌కి ఆగకుండా పింగ్ నడపండి. ప్రతి జవాబూ 1 మిల్లీసెకనుకి లోపే రావాలి. మధ్యమధ్యలో 8, 15 అని వస్తుంటే తీగో, స్విచ్చో, కార్డ్ పవర్ సేవింగో. పింగ్‌కి జవాబే రాకపోతే ఫైర్‌వాల్‌లో ఎకో రిక్వెస్ట్ అనుమతించాలి.
3. సర్వర్‌లో త్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడపగల పనుల వరసలు) లెక్క. 8 కోర్లు, 16 త్రెడ్ల ప్రాసెసర్ మీద నాలుగు ఇన్‌స్టన్స్‌లు ఉంటే ఒక్కోదానికి 4 పెట్టండి. అన్నింటికీ 16 పెడితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి.
4. లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ నడిపితే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో చెబుతుంది. సర్వర్‌లో వైఫై, బ్లూటూత్ డ్రైవర్లు ముందు ఆపేసి చూడండి.
5. అప్పటికీ పోకపోతే బఫర్ల సంఖ్య ఒకటి పెంచండి. బఫర్ పెంచడం ఆఖరి మాట, మొదటిది కాదు.

ఉక్కపోత, కరెంటు

సర్వర్‌ని పక్క గదికి పంపితే మైక్‌లో ఫ్యాన్ హోరు పోతుంది. కానీ ఏసీ ఉన్న గది లోంచి ఏసీ లేని గదికి పంపుతున్నామన్నది మే నెలలో గుర్తుకొస్తుంది. ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకుంటే, పొద్దున నడిచిన టెంప్లేటే మధ్యాహ్నం మూడింటికి చిటపటలాడుతుంది. పాత డెస్క్‌టాప్ అయితే మొదలెట్టే ముందే థర్మల్ పేస్ట్ మార్చి, హీట్‌సింక్ బూజు దులపండి. సముద్రం వైపు కిటికీ కింద పెట్టొద్దు. గోడకి జానెడు దూరం, నేల మీంచి ఒక మెట్టు ఎత్తు ఉంచండి.

గ్రాఫిక్స్ కార్డ్ లేని సర్వర్‌కి 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. గంటలు నడపడానికి కాదు, సేవ్ చేసి దింపే ఐదు నిమిషాల కోసం. స్విచ్ ప్లగ్ కూడా ఆ యూపీఎస్‌కే ఇవ్వాలి. చాలామంది రెండు కంప్యూటర్లకీ బ్యాకప్ ఇచ్చి, మధ్యలో ఉన్న ఆ చిన్న డబ్బాని గోడ ప్లగ్గులో వదిలేస్తారు. కరెంటు పోగానే లింక్ తెగి ప్రాజెక్ట్ బిగుసుకుంటుంది. గదుల మధ్య కేబుల్ డాబా మీంచి వెళ్తుంటే, ఉరుములప్పుడు రెండు చివర్లా పీకేయాలి.

పాట బయటికి పంపేటప్పుడు

సర్వర్ మీ వెంట హైదరాబాద్ రాదు. మిక్స్ కోసం ప్రాజెక్ట్ ఎవరికైనా ఇచ్చే ముందు సర్వర్ మీది ప్రతి ట్రాక్‌నీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్‌గా, అన్నీ పాట మొదటి బార్ నుంచే మొదలయ్యేలా బౌన్స్ చేయండి, అంటే ఆడియో ఫైలుగా తీయండి. ఆఫ్‌లైన్ బౌన్స్‌లో అక్కడక్కడా నోట్స్ రాలిపోతే రియల్ టైమ్‌లో చేయండి, ఐదు నిమిషాల పాటకి ఐదు నిమిషాలు పడుతుంది. ఫైళ్లు వెనక్కి అదే ప్రాజెక్ట్‌లోకి లాక్కుని, సర్వర్ ట్రాకులు మ్యూట్ చేసి, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి వినండి. స్ట్రింగ్స్ రిలీజ్, నాదస్వరం తోక, రివర్బ్ ఆఖరి బార్‌లో తెగిపోయాయేమో అక్కడ తెలుస్తుంది. తెగితే చివర రెండు బార్లు అదనంగా కలిపి ఆ ట్రాకులే మళ్లీ బౌన్స్ చేయాలి.